ఇరవై ఏళ్ళుగా బిగుసుకుపోయిన సింగర్ 29కే తోలు మిషన్: బాగుచేయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

తాడిపత్రి నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. వారి తాతగారు చెప్పుల దుకాణంలో వాడిన సింగర్ 29కే మిషన్ ఇరవై ఏళ్ళుగా ఇంట్లో ఒక మూల పడి ఉంది. చక్రం ఎటూ కదలడం లేదు. నల్లరంగు అక్కడక్కడా లేచిపోయింది. ఒక మెకానిక్ మొత్తం విప్పి, కడిగి, కొత్త రంగు వేసి ఇస్తానంటున్నారు. పాత ఇనుము కొనేవారు తూకం ధరకు అడుగుతున్నారు. దీన్ని మళ్ళీ కుట్టేలా చేయవచ్చా, చేస్తే బ్యాగులూ బెల్టులూ కుట్టుకోవడానికి పనికొస్తుందా అన్నది వారి సందేహం.

చేయవచ్చు. తూకానికి ఇవ్వకండి, రంగు వేయించకండి, ఇప్పుడే విప్పించకండి. నేను కడపలో ముప్పై ఏళ్ళకు పైగా తోలు మిషన్లు, సీటు కవర్లు కుట్టే మిషన్లు బాగుచేస్తున్నాను. బిగుసుకుపోయి నా బల్ల మీదికి వచ్చిన 29కేలలో ఎక్కువ భాగం తుప్పు వల్ల కాక, లోపల ఎండి జిగురైపోయిన నూనె వల్ల ఆగిపోయినవే. అటువంటి మిషన్ ఓపికగా చేస్తే తప్పకుండా తిరుగుతుంది. అయితే తిరగడం వేరు, కుట్టడం వేరు. బాగా కుట్టేదీ లేనిదీ మూడు చోట్ల తేలుతుంది: పోత ఇనుములో పగుళ్ళు ఉన్నాయా, మిషన్ చేయి (బూటు లోపలికి దూరే సన్నని భాగం) చివర షటిల్‌ను, అంటే కింది దారం బాబిన్‌ను పట్టుకుని తిరిగే భాగాన్ని, నడిపే పళ్ళు ఎంత అరిగాయి, తోలును పైనుంచి నొక్కిపట్టే ఫుట్‌ను నడిపే లివర్‌లో ఎంత వదులు ఉంది. ఈ మూడూ చూడకుండా ఖర్చు పెట్టవద్దు.

ముందు మీ దగ్గర ఉన్నది ఏమిటో చెబుతాను, ఎందుకంటే దీన్ని మామూలు కుట్టు మిషన్ అనుకుని చేయి పెట్టినవారే ఎక్కువగా పాడుచేస్తారు. సింగర్ సంస్థ చెప్పులు, బూట్లు, సంచులు మరమ్మతు చేసేవారి కోసం తయారుచేసిన ప్యాచింగ్ మిషన్ల వరుసకు 29 అని పేరు. అంకె పక్కనున్న 'కే' స్కాట్లండ్‌లో గ్లాస్గో దగ్గర క్లైడ్‌బ్యాంక్‌లో ఉన్న కిల్‌బౌవీ కర్మాగారానికి గుర్తు. ఆ కర్మాగారం 1885లో మొదలై 1980లో మూతపడింది. మిషన్ మీద లోహంలో గుద్దిన వరుస సంఖ్యకు ముందు ఒంటరి ఎఫ్ ఉంటే సుమారుగా 1910ల కాలంది, వై ఉంటే 1920ల నుంచి 1930ల మధ్య దాకా తయారైంది, ఇంగ్లీషు E అక్షరంతో మొదలై పక్కన మరో అక్షరం ఉంటే ఆ తరువాతిది. వయసు తెలుసుకోవడం ముచ్చట కోసం మాత్రమే కాదు. 29కే తరువాత వచ్చే అంకెను బట్టి చేయి పొడవు, బాబిన్ పరిమాణం మారతాయి కనుక, విడిభాగం అడిగేటప్పుడు ఆ అంకె చెప్పకపోతే దుకాణదారు చేతికి దొరికింది ఇస్తారు.

ఈ మిషన్‌లో కింద బట్టను లాగే పళ్ళు ఉండవు. ఫుట్టే పైనుంచి తోలును పట్టుకుని లాగుతుంది. ఆ ఫుట్‌ను చుట్టూ ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు కనుక, బూటు లోపలికి సన్నని చేయి దూర్చి, తోలు తిప్పకుండానే కుట్టు దిశ మార్చవచ్చు. దీని గొప్పతనమూ ఇదే, అరుగుదల మొదలయ్యే చోటూ ఇదే.

మొదటి వారం స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. లోహం మీద లోహం కదిలే ప్రతి చోటా, నూనె రంధ్రం కనిపించిన ప్రతి చోటా, మూడు వంతుల కిరసనాయిలుకు ఒక వంతు కుట్టు మిషన్ నూనె కలిపి చుక్కలుగా వేయండి. కిరసనాయిలు ఇప్పుడు సులభంగా దొరకదు కనుక డీజిల్ వాడినా పని జరుగుతుంది. సూది కడ్డీ పైన, చేయి చివర, వెనుక పెద్ద చక్రం దగ్గరి కామ్ (తిరుగుతూ లివర్లను కదిపే భాగం) గాడిలో, ఫుట్ పైకెత్తే లివర్ కీలు దగ్గర, ఎక్కడా వదలకండి. తరువాత మిషన్‌ను పెరట్లో ఎండలో ఉంచండి. మన సీమ ఎండ ఈ పనికి ఎంతో మేలు చేస్తుంది. నల్లని పోత ఇనుము మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది, లోపలి జిగురు మెత్తబడుతుంది, మీరు వేసిన చుక్క లోపలికి దిగుతుంది. సాయంత్రం చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకు, వెనక్కు నెమ్మదిగా ఊపండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, ఆ రోజుకు ఆపేయండి. కొన్ని మూడో రోజుకు తిరుగుతాయి. ఒకటి నాకు పదహారు రోజులు పట్టింది.

హ్యాండిల్‌కు పైపు తొడిగి బలంగా తిప్పడం, సుత్తితో కొట్టడం అసలు చేయకండి. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. శరీరం విరగకపోయినా, ఆ బలమంతా మిషన్ చేయి చివర షటిల్‌ను తిప్పే చిన్న పళ్ళచక్రం, అంటే పినియన్, పళ్ళ మీద పడుతుంది. చక్రం కొద్దిగా కదిలి ఒకే చోట గట్టిగా ఆగుతుంటే అది జిగురు కాదు, ఏదో అడ్డం ఉన్నట్టు. సూది పలక తీసి షటిల్ కూర్చునే గాడిలోకి దీపం వేసి చూడండి. జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒక మిషన్‌ను ఇద్దరు మెకానిక్‌లు ఇక పనికిరాదని చెప్పి వదిలేశారు. షటిల్‌కూ గాడికీ మధ్య విరిగిన సూది కొన ఒకటి, మూడు మిల్లీమీటర్ల ముక్క, ఇరుక్కుని ఉంది. దాన్ని పట్టుకారుతో తీయడానికి రెండు నిమిషాలు పట్టింది. అప్పటికే వారిలో ఒకరు కొట్టిన సుత్తి దెబ్బకు షటిల్ కొన మాత్రం మొద్దుబారిపోయింది.

నూనె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో మిషన్లు పాడవడానికి ముఖ్య కారణం ఇదే. ఇంట్లో శనక్కాయల నూనె ఎప్పుడూ ఉంటుంది, మిషన్ నూనె సీసా అయిపోతే చేయి దాని మీదికే పోతుంది. తినే నూనె గాలి తగిలి, వేడి తగిలి, నెలల తరబడి ఉంటే లక్కలాగా గట్టిపడుతుంది. బూరెలు వేయించే మూకుడు అంచున గోధుమరంగులో అంటుకుపోయి గోకినా రాని పూత చూసే ఉంటారు. సూది కడ్డీ చుట్టూ అదే పూత పట్టిందంటే మిషన్ బిగుసుకుపోక ఏం చేస్తుంది? కొబ్బరినూనెది ఇంకో రకం ఇబ్బంది. అనంతపురం వైపు నుంచి ఒక పెద్దాయన, బండలాగుడు పోటీల ఎద్దులకు గజ్జెల పట్టాలు కుట్టేవారు, తన మిషన్ ఎండాకాలమంతా బాగుంటుందనీ, మార్గశిరం, పుష్యం వచ్చేసరికి పొద్దున్నే బిగుసుకుని పది గంటలు దాటాక గానీ కదలదనీ చెప్పారు. చేయి చివర మూత తీసి చూస్తే పినియన్ పళ్ళ మధ్య తెల్లగా పేరుకున్న కొబ్బరినూనె కనిపించింది. సుమారు 24 డిగ్రీల కిందికి పోతే అది గడ్డకడుతుంది. మొత్తం కడిగి సరైన నూనె వేసిన తరువాత ఆయనకు మళ్ళీ ఆ ఇబ్బంది రాలేదు. కుట్టు మిషన్ నూనె అని అమ్మే పలుచని తెల్లని ఖనిజ నూనె తప్ప మరొకటి వేయకండి. ఇంజిన్ ఆయిల్ కూడా వద్దు, అది చిక్కగా ఉండి దుమ్మును పట్టి ఉంచుతుంది.

మీది తాడిపత్రి కనుక దుమ్ము గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. బండలు కోసి పాలిష్ పట్టే చోట గాలిలో ఎగిరే రాతిపొడి ఇంటి మట్టిలాంటిది కాదు. అది నూనెతో కలిస్తే లోహాన్ని అరగదీసే ముద్ద అవుతుంది. బేతంచెర్ల నుంచి వచ్చిన ఒక మిషన్‌లో షటిల్ గాడి మీద వేలు పెట్టి రుద్దితే సన్నని బూడిదరంగు పేస్టు వేలికి అంటింది. ఆ గాడి అంచు గోటికి తగిలేంతగా మెట్టు పడి ఉంది. అందుకని మీ మిషన్ చక్రం కదిలిన రోజున సంతోషంతో గబగబా తిప్పకండి. కదిలిన వెంటనే కిరసనాయిలుతో పుష్కలంగా కడిగి, కింద ఒక పళ్ళెం పెట్టి, కారేది స్వచ్ఛంగా వచ్చేదాకా పోసి, ఆ తరువాతనే చక్రాన్ని పూర్తి చుట్టు తిప్పండి.

కడిగేటప్పుడు చాలామంది మరచిపోయేది సూది కడ్డీ లోపలి భాగం. 29కేలో ఆ కడ్డీ బోలుగా ఉంటుంది, పైదారం దాని లోపలి నుంచే సూది దగ్గరికి దిగుతుంది. పాతకాలంలో దారానికి మైనం పట్టించి కుట్టేవారు కనుక, ఏళ్ళ తరబడి ఆ మైనమూ నూలు పీచూ తోలు పొడీ కలిసి లోపల కట్టుకుపోతాయి. సన్నని గట్టి తీగ చివర కొద్దిగా వంచి పైనుంచి దింపి మెల్లగా తిప్పుతూ లాగండి. నల్లని వత్తిలాంటిది బయటికి వస్తుంది, వాసన చూస్తే ఇంకా తేనెమైనం వాసన తెలుస్తుంది. అది తీయకుండా దారం బిగువు సరిచేసే టెన్షన్ స్క్రూలు ఎన్ని తిప్పినా కుట్టు ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా పడుతుంది.

తుప్పు ఉన్న చిన్న భాగాలకు చింతపండు రసం బాగా పనిచేస్తుంది. బోల్టులు, వాషర్లు, సూది పలక లాంటివి ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు పాత బ్రష్‌తో రుద్ది, చాకలిసోడా నీటిలో ముంచి, ఎండబెట్టి, వెంటనే నూనె రాయాలి. కానీ స్ప్రింగులనూ షటిల్‌నూ పులుపులో వేయకండి. గట్టిపరచిన ఉక్కు ఆమ్లంలో నానితే పెళుసుబారుతుంది. పైకి మెరుస్తూ కనిపించిన స్ప్రింగ్ బిగించిన వారానికే పుటుక్కున విరుగుతుంది. వాటిని నూనె గుడ్డతో, అవసరమైతే లోహం మెరుగుపెట్టే పేస్టుతో మాత్రమే తుడవండి.

ఇక విప్పే సంగతి. పూర్తిగా విప్పకుండానే సగానికి పైగా మిషన్లు బాగవుతాయి. విప్పక తప్పకపోతే ప్రతి స్క్రూ తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీయండి, ర్యాక్ (పినియన్‌ను తిప్పే పళ్ళ కడ్డీ) పన్ను ఏ పినియన్ పంటి సందులో కూర్చుందో గోళ్ళరంగుతో చుక్క పెట్టి గుర్తించండి. పని నేర్చుకునే రోజుల్లో నేను గుర్తు పెట్టకుండా ర్యాక్ లాగేసి, ఒక్కొక్క పన్నూ జరుపుతూ సూదికీ షటిల్‌కూ జత కుదరడానికి మూడు రోజులు కూర్చున్నాను. ఆ పొద్దుటి నుంచి గుర్తు పెట్టకుండా ఏ భాగమూ తీయలేదు.

మిషన్ స్వేచ్ఛగా తిరగడం మొదలయ్యాక మూడు పరీక్షలు చేయండి.

పగుళ్ళకు సుద్దముక్క చాలు. చేయి మెడ దగ్గర, స్టాండుకు బిగించే బోల్టు రంధ్రాల చుట్టూ కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి అద్దండి. పగులు ఉంటే అందులో దాగిన కిరసనాయిలు పొడిలోకి సన్నని గీతలా ఊరుతుంది. బోల్టు రంధ్రం దగ్గరి పగులుకు భయపడనక్కరలేదు. చేయి మెడ దగ్గర ఉంటే మాత్రం ఆలోచించాలి. పోత ఇనుమును మామూలు ఆర్క్ వెల్డింగ్‌తో అతికిస్తే అతుకు పక్కనే మళ్ళీ పగులుతుంది. మొత్తం భాగాన్ని సమంగా వేడిచేసి ఇత్తడితో బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి పోసి అతికించడం) చేయగల అనుభవజ్ఞులు దొరికితేనే ఆ పని చేయించండి.

రెండోది పినియన్. చక్రాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేతి వేలితో షటిల్‌ను అటూ ఇటూ నెట్టి చూడండి. కాస్త వదులు ప్రతి పాత మిషన్‌లోనూ ఉంటుంది. కొన ఒక మిల్లీమీటరుకు మించి ఊగుతుంటే కుట్లు తప్పుతాయి. సూది అడుగుదాకా దిగి సుమారు 2 మిల్లీమీటర్లు పైకి లేచేసరికి పక్కన దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది, సరిగ్గా అప్పుడే షటిల్ కొన సూది కన్నుకు కాస్త పైగా వచ్చి ఆ ఉచ్చులో దూరాలి. పళ్ళు అరిగితే కొన ఒక్కోసారి ముందు, ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది. దారం మార్చినా, సూది మార్చినా ఆ లోపం పోదు. పినియన్ మార్చడమే దారి.

మూడోది అన్నిటికంటె నమ్మకమైన పరీక్ష, కావలసింది ఒక తెల్లకాగితం మాత్రమే. దారం ఎక్కించకుండా కాగితం మీద ఇరవై కుట్లు వేయండి. ఫుట్‌ను కుడికి తిప్పి ఇరవై, ఎడమకు ఇరవై, వెనక్కు ఇరవై. ఇప్పుడు కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని రంధ్రాల మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. మంచి స్థితిలో ఉన్న మిషన్ గరిష్ఠ నిడివి పెట్టినప్పుడు అంగుళానికి 5 లేదా 6 కుట్లు వేస్తుంది. 8కి తక్కువ రాకపోతే ఫుట్‌ను కదిపే లివర్ వరుసలో వదులు ఉందని అర్థం. నాలుగు దిక్కులా నిడివి ఒకేలా లేకపోతే, ఫుట్ కడ్డీ మీద కూర్చునే ఉంగరం ఒక పక్క ఎక్కువగా అరిగింది. మన చెప్పుల పనివారు ఏళ్ళ తరబడి ఒకే దిశలో ఎక్కువగా కుట్టడం వల్ల ఇలా జరుగుతుంది. ఆ ఉంగరం, దాన్ని నొక్కే మోచేతిలా వంగిన లివర్ (మా పనిలో బెల్ క్రాంక్ అంటాం), ఈ రెండూ మారిస్తే కుట్టు నిడివి తిరిగి వస్తుంది. కొత్తవి దొరకనప్పుడు లివర్ అరిగిన కొనకు ఇత్తడి బ్రేజింగ్ పోసి ఆకురాయితో పాత ఆకారానికి తెచ్చి నేను చాలా మిషన్లు నడిపించాను. అది లేత్ పని కూడా కాదు, ఆకురాయి, ఓపిక ఉంటే చాలు.

విడిభాగాల కోసం నేను కడప నుంచి రైల్లో చెన్నై వెళ్ళి, తోలు వ్యాపారం జరిగే పెరియమేట్‌లో వెతుకుతాను. కొన్ని లూధియానా నుంచి తెప్పిస్తాను. పాత భాగాన్ని గుడ్డలో చుట్టి వెంట తీసుకువెళ్ళండి. ఇదే నమూనాలో చైనా నుంచి వచ్చే చేతి మిషన్ల భాగాలు చూడటానికి అచ్చం ఇలాగే ఉంటాయి, పక్కపక్కన పెట్టి కొలిస్తే గానీ తేడా తెలియదు. అలాంటి షటిల్ ఒకటి బలవంతంగా కూర్చోబెట్టి గాడి చెడగొట్టుకున్న మిషన్ ఒకటి గత ఏడాదే నా దగ్గరికి వచ్చింది.

రంగు గురించి. మీ మెకానిక్ గారు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు, కానీ నేను ఒప్పుకోను. ఆ నల్లని పూత, దాని మీద బంగారు అక్షరాలు ఒకసారి పోతే తిరిగి రావు. స్ప్రే చేసిన రంగు నూనె రంధ్రాలను మూసేస్తుంది, కదిలే భాగాల మధ్య చేరి మళ్ళీ బిగించేస్తుంది. థిన్నర్, స్పిరిట్, అమోనియా కలిసిన ద్రవాలు బంగారు అక్షరాలను నిమిషాల్లో తినేస్తాయి. మిషన్ నూనెలో ముంచిన దూదితో మెల్లగా, ఒక్కో చోట పది పదిహేను నిమిషాలు తుడవండి. గోధుమరంగు జిడ్డు దూదికి వస్తుంది, అడుగున మీ తాతగారి కాలం నాటి నలుపు కనిపిస్తుంది. ఆయన చేయి ఆనిన చోట పూత అరిగి లోహం నున్నగా ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి.

బ్యాగులు, బెల్టులు కుట్టుకోవచ్చా అన్నారు. బ్యాగులు, పర్సులు, చెప్పుల పైభాగాలు, పట్టీలు తప్పక కుట్టుకోవచ్చు. కలిపి పావు అంగుళం మందం లోపు పని పెట్టండి. రెండు పొరల దళసరి బెల్టు మీద అందంగా ఒకే వరుసలో మోటు దారంతో కుట్టాలంటే ఇది సరైన మిషన్ కాదు, చెప్పు అడుగుకు అట్ట కుట్టడానికీ కాదు. బాబిన్ చిన్నది, మోటు దారం చుడితే కాసేపట్లో అయిపోతుంది. ఫుట్ పళ్ళు మెత్తని తోలు మీద గుర్తులు కూడా వేస్తాయి, అందుకు ఫుట్ అడుగున పలుచని తోలు ముక్క అతికించుకుంటారు. సూది 29ఎక్స్3 లేదా 29ఎక్స్4 రకమే కొనండి, బట్టల మిషన్ సూది దీనికి కుదరదు. సన్నని బాండెడ్ నైలాన్ (పోగులు విడిపోకుండా పూత పూసిన) దారం, అంటే టెక్స్ 70 (టెక్స్ దారం లావుకు కొలత), వాడితే 18 నంబరు సూది, టెక్స్ 135 దారానికి 22 నంబరు సూది. ఈ మిషన్‌కు అంతకు మించిన దారం ఎక్కించకండి.

మోటారు పెట్టాలనిపిస్తుంది, ఇప్పట్లో వద్దు. ప్రొద్దుటూరులో ఒకరు దీనికి 1440 చుట్లు తిరిగే అర హార్స్‌పవర్ మోటారు బిగించారు, ఆరు నెలల్లో పినియన్ పళ్ళన్నీ పోయాయి. ఇది చేత్తో, కాలితో, ఒక్కో కుట్టు చూసుకుంటూ కుట్టే మిషన్.

ఎండలో పెట్టడం ఈ వారమే మొదలుపెట్టండి. చక్రం కదిలాక చేయి చివర మూత తీసి పినియన్ పళ్ళు స్పష్టంగా కనిపించేలా ఒక ఫొటో, కాగితం మీద నాలుగు దిక్కుల రంధ్రాల పక్కన స్కేలు పెట్టి మరో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఏ భాగం మార్చాలో, ఏది ఇంకా పదేళ్ళు నడుస్తుందో చూసి చెబుతాను.